జామీను లేని పేదలు – జాగా లేని జైళ్ళు

బిలాస్‌పూర్ మన రైల్వే కార్మికులకు సుపరిచితమైన పట్టణం. 19వ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి వచ్చిన నాటి నుండి తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా ఈ పట్టణానికి వస్తూనే ఉన్నవి. 2003 వరకు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండుటచేత బదిలీపై వచ్చినవారు, వచ్చి ఇక్కడనే స్థిరపడినవారు అనేకులు. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిననాడే ఉన్నత న్యాయస్థానం కూడా ఈ పట్టణానికి వచ్చినది. వీటన్నిటికంటె ముందు నుండి ఉన్నది కేంద్ర కారాగారం. 1921లో బిలాస్‌పూర్‌లో చేసిన ప్రసంగానికి శిక్షగా కవి మాఖన్‌లాల్ చతుర్వేదిని బ్రిటిషు ప్రభుత్వం బంధించినది ఈ జైలులోనే. ఆయన 'పుష్ప్ కీ అభిలాషా' అను ప్రసిద్ధ గీతం ఇక్కడనే పుట్టినదని ప్రతీతి.

రైలు, న్యాయస్థానం, జైలు – ఈ మూడూ ఒకే పట్టణంలో ఉన్నవి. ఈ మూడింటి మధ్య గల సంబంధమును గురించి మన సభ్యులు ఆలోచించవలసిన అగత్యం ఉన్నదని మేము భావిస్తున్నాము. జైళ్ళ దుస్థితి జైలు గోడల లోపల పుట్టినది కాదు. అది బయట పుట్టి, లోపలికి పంపబడుతున్నది. దానిని పంపే దారులలో కొన్ని మన కార్యాలయాల మీదుగా, మన బల్లల మీదుగా పోతున్నవి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదియే.

అంకెలు చెప్పే సత్యం

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్ళలో 4,36,266 మందికి చోటు ఉండగా 5,73,220 మంది ఉన్నారు. అనగా నూటికి 131 మంది. వీరిలో 4,34,302 మంది – నూటికి డెబ్బది అయిదు మందికి పైగా – విచారణ ముగియనివారు. వీరిని న్యాయస్థానం దోషులని తీర్మానించలేదు. చట్టం దృష్టిలో వారు నేటికీ నిర్దోషులే.

ఛత్తీస్‌గఢ్ సంగతి మరింత విచారకరం. 2015 చివర ఈ రాష్ట్రపు జైళ్ళలో నూరుగురు ఉండవలసిన చోట సగటున 234 మంది ఉన్నారు. ఆ సంవత్సరం దేశంలోని రాష్ట్రాలలో ఇదే అత్యధికం. అటు తరువాత కొత్త బారకులు కట్టినారు, అంకె కొంత దిగినది. కాని కిక్కిరిసిన స్థితి మాత్రం పోలేదు.

రైల్వేవారికి ఈ లెక్క బోధపడుట కష్టం కాదు. 72 బెర్తుల స్లీపరు బోగీని తలచుకొనండి. దేశ సగటు ప్రకారం ఆ బోగీలో 94 మంది ఎక్కినట్లు. 2015 నాటి ఛత్తీస్‌గఢ్ లెక్క ప్రకారం 168 మంది ఎక్కినట్లు. అయితే రైలు ప్రయాణికునికి ఏదో ఒక స్టేషను వస్తుంది, దిగిపోతాడు. విచారణలో ఉన్న ఖైదీకి తాను దిగవలసిన స్టేషను ఎప్పుడు వస్తుందో తెలియదు. టైంటేబిలు లేని బండి అది.

ఇది తప్పించుకోలేని విధి అని కొందరు వాదించవచ్చును. కాని అదే 2022 లెక్కలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జైళ్ళలోని సంఖ్య మొత్తం మీద సామర్థ్యమునకు లోబడియే ఉన్నది. అక్కడి జైళ్ళలో లోపాలు లేవని మేము అనము. రద్దీ మాత్రం దైవలిఖితం కాదని, పరిపాలనా విషయమని రుజువు చేయుటకు ఈ ఉదాహరణ చాలును.

గోడల లోపల ఒక రోజు

జైలులో రోజు లెక్కింపుతో ఆరంభమవుతుంది. దీనిని ఇక్కడ 'గిన్తీ' అంటారు. తెల్లవారగానే బారకు తాళం తీసి, మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి లెక్క చూస్తారు. సాయంకాలం చీకటి పడకముందే మరల లెక్కించి తాళం వేస్తారు. రాత్రి భోజనం సైతం ఆ తాళమునకు ముందే ముగియవలెను. అక్కడి నుండి మరునాటి ఉదయం వరకు పన్నెండు గంటలకు పైగా ఆ గదియే ప్రపంచం.

జైళ్ళ నమూనా నియమావళి ప్రకారం బారకులో ఒక్కొక్క ఖైదీకి 3.71 చదరపు మీటర్ల జాగా ఉండవలెను. నూరుగురి గదిలో రెండు వందల ముప్పది మందిని ఉంచినచో ఆ జాగా ఒక బెర్తు వైశాల్యమునకు దిగిపోతుంది. అందులోనే నడచుటకు దారి, అందులోనే సామాను. పక్కకు తిరగవలెనన్న వరుస అంతయు తిరగవలసినదే. కిక్కిరిసిన జైళ్ళలో వంతులవారీగా నిద్రించు ఖైదీలను గురించి ఎన్నో నివేదికలు చెప్పినవి. రాత్రి బారకులోనే వాడుకొనవలసిన మరుగుదొడ్డి పక్కన చోటు ఎవరికి దక్కుతుందో చెప్పనక్కరలేదు. కొత్తగా వచ్చినవారికి, బీదవారికి, పలుకుబడి లేనివారికి.

ఉదయం నీటి కొళాయి వద్ద వరుస, మరుగుదొడ్డి వద్ద వరుస, భోజనం వద్ద వరుస, మందుల వద్ద వరుస. గజ్జి ఒకరికి వచ్చిన బారకు అంతటికీ వస్తుంది. దగ్గుతున్నవానిని వేరుగా పడుకోబెట్టుటకు చోటు లేకపోవుటచేత క్షయ వ్యాధి సులభంగా వ్యాపిస్తుంది. శిక్ష పడినవారికి పని ఉంటుంది, కొద్దిపాటి కూలి ఉంటుంది. విచారణ ఖైదీలకు పని విధిగా ఉండదు కనుక కూలియు ఉండదు. వారి రోజంతయు ఎదురుచూపే: పేషీ ఎప్పుడు, ములాకాత్ ఎప్పుడు, వకీలు వస్తాడా, ఇంటి నుండి డబ్బు వస్తుందా.

పేషీ రోజున సిద్ధమై కూర్చున్నవానికి ఒక్కొక్కసారి వెంట తీసుకొనిపోవుటకు పోలీసులు లేరనే కబురు వస్తుంది. ఇప్పుడు టెలివిజను తెర మీదనే న్యాయాధికారి ఎదుట హాజరు చూపించు పద్ధతి వచ్చినది. దానివలన సౌకర్యం ఉన్నమాట నిజమే. కాని ఒంటి మీది దెబ్బ తెర మీద కనిపించదు. న్యాయస్థానం ఆవరణలో భార్యాబిడ్డలను చూచి రెండు మాటలాడుకొను అవకాశం కూడా తెర వచ్చిన తరువాత తగ్గిపోయినది. బిలాస్‌పూర్ ప్రాంతపు నిరుపేదలు ఏటేటా ఇటుక బట్టీల పనికై దూర రాష్ట్రాలకు వలస పోతారు. అట్టి కుటుంబంలోని మనిషి జైలులో ఉన్నచో ములాకాత్‌కు వచ్చేవారెవరు?

పైగా ఈ గోడల లోపల కులం కూడా తాళం వేసుకొని కూర్చున్నది. ఏ కులమువాడు వంట చేయవలెనో, ఏ కులమువాడు పాకీపని చేయవలెనో నిర్ణయించే నిబంధనలు అనేక రాష్ట్రాల జైలు నియమావళులలో స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బది అయిదేండ్ల తరువాత కూడా నిలిచి ఉన్నవి. సర్వోన్నత న్యాయస్థానం వాటిని 2024 అక్టోబరు 3న కొట్టివేసినది. కాగితం మీద కొట్టివేసిన దానిని బారకులో కూడా కొట్టివేయవలసి ఉన్నది.

తాళం వేసేవాడు కూడా కార్మికుడే

ఈ దుస్థితికి జైలు వార్డరును మాత్రమే నిందించుట సులభం. కాని మన వర్గానికి ఆ సులభమార్గం తగదు. దేశవ్యాప్తంగా జైళ్ళలో మంజూరైన ఉద్యోగాలలో రమారమి మూడింట ఒక వంతు ఖాళీగా ఉన్నవి. వైద్యుల ఖాళీలు కూడా తక్కువ కాదు. ఇద్దరు చేయవలసిన పని ఒక్కడు చేసినపుడు ఏమి జరుగుతుందో గ్యాంగ్‌మన్‌కు, పాయింట్స్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు మేము చెప్పవలసిన పని లేదు. సిబ్బంది లేనిచోట పెత్తనం బలవంతులైన ఖైదీల చేతికి పోతుంది. నియమం పోయి లంచం వస్తుంది. 2007 డిసెంబరు 16న ఇదే రాష్ట్రంలోని దంతేవాడ జైలు నుండి 299 మంది ఒకేసారి తప్పించుకొని పోయినారు. కిక్కిరిసిన జైలు ఖైదీకి నరకం మాత్రమే కాదు, కాపలాదారునికి కూడా అపాయం.

బయటికి రాలేకపోవుటకు కారణం నేరం కాదు, పేదరికం

చాలామంది అనుకొనునట్లు బెయిలు రానందువలననే అందరూ లోపల లేరు. బెయిలు మంజూరైన తరువాత కూడా జామీనుదారు దొరకక లోపలనే ఉండిపోవువారు ఉన్నారు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఈ పేద ఖైదీలను గురించి సాక్షాత్తు న్యాయమూర్తుల ఎదుటనే ఆవేదన వెలిబుచ్చినారు.

ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ న్యాయస్థానాలలో జామీనుకు సాధారణంగా అడిగేది 'ఋణపుస్తిక', అనగా భూమి హక్కును తెలుపు పుస్తకం. భూమి లేనివానికి ఋణపుస్తిక ఎక్కడిది? భూమి ఉన్న బంధువు ఉన్నను అతడు పొరుగు జిల్లావాడైనచో చిక్కు. ఈ సమస్య కొత్తది కాదు. బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులలోనే, 1978లో, ఆ రాష్ట్రం నుండి సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్ళిన మోతీరామ్ కేసు ఒక తాపీపనివానిది. పదివేల రూపాయల జామీను అడిగినారు. అతని సోదరుడు జామీనుగా నిలువబోగా, ఆస్తి వేరొక జిల్లాలో ఉన్నదని నిరాకరించినారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో వేసిన ప్రశ్న ప్రవాసాంధ్రులు ఎన్నటికీ మరువరానిది. ఒక మలయాళీ గాని, కన్నడిగుడు గాని, తమిళుడు గాని, తెలుగువాడు గాని బస్తరులోనో మరొక దూరదేశంలోనో అరెస్టయినచో ఆ చోట ఆస్తి గల జామీనుదారులను ఎక్కడి నుండి తెచ్చుకొనగలడని ఆయన నిలదీసినారు. వెయ్యి రూపాయల సొంత పూచీపై ఆ కార్మికుని విడుదల చేయించినారు. తీర్పు వచ్చి నలుబది ఏండ్లు దాటినది. ప్రశ్న మాత్రం నేటికీ జవాబు కొరకు నిలిచియే ఉన్నది.

చట్టాలకు కొరత లేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి నేరారోపణకు గురైనవాడు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపినచో విడుదలకు అర్హుడు. ఇతరులు సగం కాలం గడిపినచో అర్హులు. మరణశిక్షకు, యావజ్జీవ శిక్షకు తగిన నేరాలకు ఇది వర్తించదు. ఒకటికంటె ఎక్కువ కేసులు ఉన్నవారికి కూడా వర్తించదు. పాత కేసులకు సైతం దీనిని వర్తింపజేయవలెనని 2024 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానం ఆదేశించినది. 2023 జనవరి 31 నాటి మరొక ఆదేశం ప్రకారం బెయిలు వచ్చిన ఏడు రోజులలో ఖైదీ విడుదల కానిచో జైలు అధికారి జిల్లా న్యాయసేవా సంస్థకు తెలుపవలెను. నెల లోపల జామీను దొరకనిచో షరతును సడలించు విషయం న్యాయస్థానం ఆలోచించవచ్చును. పేద ఖైదీల సహాయ పథకం క్రింద బెయిలు నిమిత్తం నలుబది వేల రూపాయల వరకు, శిక్షపడినవారి జరిమానాకు ఇరువది అయిదు వేల వరకు ప్రభుత్వమే చెల్లించు ఏర్పాటు 2023లో వచ్చినది. ఇవన్నియు ఉన్నవి. ఇవి ఉన్నవని బారకులోనివానికి చెప్పే నాథుడే లేడు.

మన చేతిలోని దారాలు

ఇక మన సంగతికి వద్దాము. కోర్బా బొగ్గు బిలాస్‌పూర్ డివిజన్‌కు జీవనాధారం. వాగన్లలోని బొగ్గు రైల్వే అధీనంలో ఉన్నంతవరకు 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం క్రింద రైల్వే ఆస్తియే. మొదటి నేరానికే అయిదేండ్ల వరకు శిక్ష. ప్రత్యేక కారణం చూపనిచో ఏడాదికి తగ్గని జైలు. లారీలలో బొగ్గు తరలించే ముఠాకు, పొయ్యి కొరకు బుట్టెడు బొగ్గు ఏరుకొనే స్త్రీకి చట్టం చదివేది ఒకే సెక్షను. ముఠావానికి ఆ సాయంకాలమే వకీలు వస్తాడు. బుట్టెడు బొగ్గు ఏరినవారి కేసులో 479వ సెక్షను లెక్కన మూడవ వంతు అనగా ఇరువది నెలలు. రైల్వే ఆస్తిని కాపాడుట మన విధియే, దానిని మేము శంకించుట లేదు. ఎవరిని బోనెక్కించవలెనో, ఎవరిని మందలించి పంపవలెనో విచక్షణ చూపవలెనని మాత్రమే మా వాదన.

తపాలా సోదరుల చేతిలోని దారం మరింత బలమైనది. 1979లో తిహార్ జైలు నుండి సునీల్ బాత్రా అను ఖైదీ, తోటి ఖైదీపై జరిగిన చిత్రహింసను గురించి సర్వోన్నత న్యాయస్థానానికి ఒక ఉత్తరం వ్రాసినాడు. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించి న్యాయస్థానం చారిత్రాత్మకమైన తీర్పు ఇచ్చినది. అంతకు ముందు 1974లో విశాఖపట్నం కేంద్ర కారాగారపు గోడపై విద్యుత్ తీగ అమర్చుటను అచటి విచారణ ఖైదీలు సవాలు చేసినపుడు, జైలుకు వెళ్ళినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నియు పోవని అదే న్యాయస్థానం స్పష్టం చేసినది. గోడలోని మనిషికి వెలుపలి ప్రపంచంతో మిగిలిన బంధం చాలావరకు ఉత్తరమే, మనియార్డరే. జైలు చిరునామాకు వచ్చిన ఉత్తరం ఒకనాడు ఆలస్యమైనచో అది మామూలు ఆలస్యం కాదు.

కబురు ఆలస్యం ఎంతటి అన్యాయమో 2021 జూలైలో దేశం చూచినది. బెయిలు వచ్చిన పిదప కూడా ఆగ్రా జైలులోని 13 మంది ఉత్తర్వు ప్రతి అందనందున విడుదల కాలేదు. నాటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ, ఉత్తర్వులు మోసుకొనివచ్చే పావురాల కొరకు ఈ కాలంలో కూడా ఆకాశం వంక చూస్తున్నామా అని చింతించినారు. ఆయన చొరవతో 2022 మార్చి 31న ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే 'ఫాస్టర్' ఏర్పాటు వచ్చినది. పైకోర్టు ఉత్తర్వు క్షణంలో చేరవచ్చును. క్రింది కోర్టులో జామీను కాగితం మాత్రం ఇంకను కాలినడకనే పోతున్నది.

"నేరస్థుల గోల మనకెందుకు?"

ఈ ప్రశ్న మన శాఖా సమావేశాలలోనే వినవచ్చును. దీనికి సూటిగా జవాబు చెప్పవలెను. దొంగతనమునకు గురైన పేదవానికి, హింసకు గురైన స్త్రీకి న్యాయం కావలెను. విచారణ త్వరగా ముగియుటయే వారికి కూడా న్యాయం. ఏండ్ల తరబడి సాగు కేసులో ముద్దాయి ఒక్కడే కాదు, ఫిర్యాది కూడా నలుగుతాడు.

రెండవ జవాబు మన చరిత్రలోనే ఉన్నది. 1960, 1968 సమ్మెలలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు, 1974 మే 8 నుండి 27 వరకు సాగిన మహత్తర రైల్వే సమ్మెలో వేలాది రైల్వే కార్మికులు జైళ్ళకు వెళ్ళినారు. మీసా, భారత రక్షణ నిబంధనలు వారిపై ప్రయోగించబడినవి. క్వార్టర్ల నుండి కుటుంబాలు గెంటివేయబడినవి. నాడు మన పెద్దలను నిలబెట్టినది సంఘం, చందాలు, సంఘం పిలిచిన వకీళ్ళు. బిలాస్‌పూర్ హైకోర్టులో పేదల తరపున వాదించిన కార్మిక నాయకురాలు సుధా భరద్వాజ్ 2018లో అరెస్టయి 2021 డిసెంబరు వరకు మహారాష్ట్ర జైళ్ళలో ఉన్నారు. అక్కడి తోటి స్త్రీ ఖైదీల బ్రతుకులను ఆమె తరువాత గ్రంథస్థం చేసినారు. జైలు ఎవరికీ దూరం కాదు.

మూడవ జవాబు మన సర్వీసు నిబంధనలలో ఉన్నది. 48 గంటలకు మించి కస్టడీలో ఉన్న రైల్వే ఉద్యోగి గాని, తపాలా ఉద్యోగి గాని సస్పెండయినట్లే లెక్క. అయినను అతనికి జీవనభృతి ఉన్నది, రక్షించు సంఘం ఉన్నది. అదే 48 గంటలలో దినకూలి కోల్పోయేది ఆ రెండు రోజుల కూడు, పిదప పని, పిదప ఇల్లు. మనకున్న రక్షణ ఎంత విలువైనదో తెలిసినవారము కనుకనే, అది లేనివాని పక్షాన మాట్లాడవలసిన బాధ్యత మనపై ఉన్నది.

మన కోర్కెలు, మన పని

ప్రభుత్వాల నుండి మేము కోరుచున్నవి ఇవి:

1. ప్రతి జిల్లాలోను విచారణ ఖైదీల సమీక్షా సంఘం మూడు నెలలకొకసారి తప్పక సమావేశం కావలెను. 479వ సెక్షను క్రింద అర్హులైనవారి జాబితా ఆ సమావేశం ముందుంచవలెను.

2. పేద ఖైదీల సహాయ పథకం క్రింద జిల్లాలవారీగా ఎందరు విడుదలైనారో ప్రకటించవలెను.

3. జైళ్ళలో వార్డరు, వైద్య ఉద్యోగాల ఖాళీలన్నియు శాశ్వత నియామకాలతో నింపవలెను. కాంట్రాక్టు పద్ధతి జైలు భద్రతకు, ఖైదీ ప్రాణమునకు రెండింటికీ చేటు.

4. స్వల్ప విలువ గల రైల్వే ఆస్తి కేసులలో విచక్షణతో వ్యవహరించుటకు రైల్వే యాజమాన్యం స్పష్టమైన ఆదేశాలు ఇవ్వవలెను.

కోర్కెల పత్రం పంపి చేతులు ముడుచుకొని కూర్చుండుట మన సంప్రదాయం కాదు. ప్రతి శాఖ కార్యాలయంలోను ఉచిత న్యాయ సహాయం కొరకు 15100 నంబరును హిందీ, తెలుగు భాషలలో గోడపై వ్రాయించండి. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయ సహాయం పొందు హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చినదని తెలియజెప్పండి. స్టేషను పరిసరాలలోని కూలీలు, హమాలీలు, సఫాయివారు అరెస్టయినచో కుటుంబాన్ని జిల్లా న్యాయసేవా సంస్థ గడప వరకు తీసుకొనిపోవుటకు ఒక సభ్యుని నియమించండి.

జామీను విషయంలో ఒక మాట. ఉద్యోగి జీతం పత్రాన్ని న్యాయస్థానాలు పలు సందర్భాలలో జామీనుగా అంగీకరిస్తున్నవి. ముక్కూ మొగమూ తెలియనివారికి జామీను నిలువుడని మేము చెప్పము. ముద్దాయి పారిపోయినచో ఆ సొమ్ము జామీనుదారుడే కట్టవలెను. కాని ఏండ్ల తరబడి మన మధ్య పనిచేస్తూ, మనకు తెలిసిన కాంట్రాక్టు కార్మికుని విషయంలో శాఖ విచారించి, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన సభ్యుని నిలుపుటలో తప్పేమున్నది? ఋణపుస్తిక లేనివానికి మన జీతం పత్రం ఋణపుస్తిక కావచ్చును.

నిరుడు ఖైదీలు ఎందరు, నేడు ఎందరు అని మాత్రమే ప్రభుత్వం లెక్కిస్తుంది. మన శాఖల వార్షిక నివేదికలలో ఇక మీదట మరొక అంకె కూడా ఉండవలెను: ఈ సంవత్సరం మన సహాయంతో ఎందరు ఇల్లు చేరినారు? ఆ అంకె ఒకటి అయినను సిగ్గుపడనక్కరలేదు. సున్న అయినచో మాత్రం ఎందువలన అని వచ్చే మహాసభలో ప్రతి ప్రతినిధియు ప్రశ్నించవలెనని కోరుచున్నాము.